బ్రొమెలైన్‌తో తగ్గి మళ్లీ తిరగబెట్టిన సైనస్: నల్గొండ నుంచి ఒక కేసు

నల్గొండలో చెవి, ముక్కు, గొంతు వైద్యం చేస్తున్న నా దగ్గరికి దీర్ఘకాలిక సైనస్‌తో వచ్చేవారిలో చాలామంది అప్పటికే, ప్రోటీన్లను కోసి వాపు తగ్గిస్తుందని చెప్పే ఏదో ఒక ఎంజైము మాత్ర వాడి ఉంటారు. నొప్పికని, వాపుకని మందుల షాపులో ఇచ్చే గోలీల్లో ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్‌లతో పాటు సెర్రాషియోపెప్టిడేజ్ కలిసి ఉండటం మన దగ్గర ఎంత మామూలంటే, తాము మింగుతున్నది ఎంజైమన్న సంగతి కూడా వారికి తెలియదు. ఈమధ్య కొందరు అనాస నుంచి తీసిన బ్రొమెలైన్ అనే ఎంజైము సీసాను ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, దాన్ని చేతిలో పట్టుకుని వచ్చి, వాడవచ్చా అని అడుగుతున్నారు. అలా అడిగిన ఒక రోగి కేసును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. బ్రొమెలైన్ ఆయనకు పనిచేసింది. అది పనిచేసినందువల్లనే అసలు జబ్బును నేను రెండు నెలలు ఆలస్యంగా కనుక్కున్నాను. రోగి అనుమతి తీసుకున్నాను, ఆయనను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

రోగి, మొదటి పరీక్ష

ఆయన వయసు 46. మార్కెట్ యార్డులో దడ్వాయి, అంటే రైతు తెచ్చిన వడ్లను కాంటా వేసి తక్‌పట్టీ అనే తూకం చీటీ రాసే పని. సొంతూరు మర్రిగూడ వైపు, ఇరవై ఏళ్లుగా కాపురం నల్గొండలో. ఆరేళ్లుగా షుగరు ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. బీడీ, సిగరెట్ అలవాటు లేదు. ఆస్పిరిన్ గానీ, రక్తం పలచబడే మరే మందు గానీ వాడటం లేదు. ఎంజైముల మాట ఎత్తినప్పుడల్లా నేను మొదట అడిగే ప్రశ్న అదే కాబట్టి, దానికి వచ్చిన జవాబును కేసు షీటులో పైనే రాసుకున్నాను.

2023 నవంబరు మూడో వారంలో ఆయన మొదటిసారి వచ్చారు. ఏప్రిల్‌లో యాసంగి వడ్లు యార్డుకు వచ్చినప్పుడు మొదలైన ముక్కు దిబ్బడ ఏడు నెలలైనా తగ్గలేదని, ఎడమ చెంప బరువుగా ఉంటోందని, చిక్కటి పసుపు రంగు చీమిడి గొంతులోకి జారుతోందని చెప్పారు. "సారూ, ఇంట్ల కూర మాడినా నాకు తెలుస్తలేదు గని, ముక్కుల మాత్రం ఎప్పుడూ కుళ్లిన వాసనే" అన్నారు. తక్‌పట్టీ రాయడానికి తల వంచితే ఒక్కోసారి ఎడమ ముక్కులోంచి పచ్చటి చుక్క ఆ కాగితం మీదే పడుతుందని, రైతుల ముందు సిగ్గుగా ఉంటోందని కూడా చెప్పారు. తల వంచినప్పుడు ముక్కునుంచి నీళ్లలాంటి తేట ద్రవం కారితే మెదడు చుట్టూ ఉండే ద్రవమేమోనని అనుమానించాలి; ఈయనది చిక్కగా, దుర్వాసనతో ఉంది కాబట్టి ఆ భయం లేదు. కానీ ఒక్క పక్కే, అదీ దుర్వాసనతో అన్న రెండు మాటలు నా చెవిన పడినా వాటికి ఇవ్వాల్సిన విలువ ఆ రోజు నేను ఇవ్వలేదు.

దానికి కొన్ని కారణాలున్నాయి. ఆయన ఐదు నెలలుగా రోజుకు నాలుగైదు సార్లు ముక్కు దిబ్బడకు జైలోమెటాజోలిన్ చుక్కలు వేసుకుంటున్నారు. ఆ చుక్కలు వారం దాటి వాడితే ముక్కు లోపలి పొర వాటికి అలవాటు పడి, మందు ప్రభావం దిగగానే మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. ఎండోస్కోపు పెట్టి చూసినప్పుడు రెండు పక్కలా లోపలి కండలు ఎర్రగా ఉబ్బి ఉండటంతో, ఎడమ వైపు, చెంప సైనస్ తెరుచుకునే మధ్య మార్గంలోకి గొట్టం పోలేదు. బలవంతంగా తోస్తే రక్తం వస్తుందని వదిలేశాను. నోరు తెరిపించి చూస్తే పళ్లన్నీ గోధుమ రంగు మచ్చలతో ఉన్నాయి. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు పుట్టి పెరిగినవారి పళ్లు అలా ఉండటం ఈ జిల్లాలో వైద్యం చేసేవారికి కొత్త కాదు. నీళ్లలో పటిక, సున్నం వేసి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి నల్గొండ పేరే పెట్టారంటే ఈ నేల సమస్య ఎంత పాతదో అర్థమవుతుంది. ఫ్లోరైడు మచ్చలు అని రాసుకుని నోరు మూయమన్నాను. ఆ మచ్చల మధ్య ఉన్న ఒక పన్ను గురించి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

షుగరు ఉన్న మనిషికి ఒక పక్క చెంప బరువు అనగానే 2021 తర్వాత ఎవరికైనా బ్లాక్ ఫంగస్ గుర్తుకొస్తుంది. ముక్కులో నల్లని చెక్కు లేదు, చెంప తిమ్మిరి లేదు, కంటి చూపు, కదలిక బాగున్నాయి, ముక్కు స్రావాన్ని సూక్ష్మదర్శిని కింద చూపిస్తే ఫంగస్ తంతువులు కనపడలేదు. మూడు నెలల సగటు షుగరును చెప్పే హెచ్‌బీఏ1సీ 7.8 వచ్చింది. రోగి బాధను అంకెల్లో చెప్పడానికి మేము వాడే స్నాట్-22 అనే ప్రశ్నావళి ఉంది. 22 ప్రశ్నలకు సున్నా నుంచి 5 వరకు రోగే మార్కులు వేస్తాడు, మొత్తం 110. అందులో ఆయనకు 54 వచ్చింది. ముక్కులో పెట్టిన సాకరిన్ తీపి నాలుక మీదికి చేరడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్షలో 31 నిమిషాలు పట్టింది. ముక్కులోని సన్నని కేశాలు చీమిడిని సరిగా ఊడ్చేవారికి ఇది 20 నిమిషాల లోపే జరగాలి.

సీసా

హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు పంపిన బ్రొమెలైన్ సీసా ఆయన జేబులోనే ఉంది. మీద 500 మిల్లీగ్రాములు అని ఉంది గానీ, ఎంజైము ఎంత చురుకైనదో చెప్పే యూనిట్లు లేవు. ఈ విషయం దగ్గర కాస్త ఆగాలి. ఎంజైమును బరువుతో కొలిస్తే లాభం లేదు. అది ఎంత ప్రోటీనును ఎంతసేపట్లో కోయగలదన్నదే దాని బలం. బ్రొమెలైన్‌కు దాన్ని జీడీయూ అనే యూనిట్లలోనో, యూరప్ తయారీలైతే ఎఫ్‌ఐపీ యూనిట్లలోనో చెబుతారు. యూనిట్లు లేని సీసా కొనడం, డిగ్రీ రాయని సారా సీసా కొనడం లాంటిదని రోగులకు చెబుతుంటాను. ఆ పోలిక వారికి ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఆ సీసాను పక్కన పెట్టించి, గ్రాముకు 2,400 జీడీయూ అని రాసి ఉన్న మరో సరుకు తెప్పించాను.

నిజానికి నేను మొదట రాయబోయింది ట్రిప్సిన్, బ్రొమెలైన్, రుటోసైడ్ కలిసిన మాత్ర. మన దగ్గర శస్త్రచికిత్సల తర్వాత వాపుకు ఎక్కువగా రాసేది అదే. అయితే అది కార్తీక మాసం, ఆయన నీసు మానేసి ఉన్నారు, ట్రిప్సిన్ ఎక్కడ నుంచి వస్తుందని అడిగారు. పశువుల క్లోమం నుంచి తీస్తారని చెప్పాల్సి వచ్చింది. సెర్రాషియోపెప్టిడేజ్‌ను పట్టుపురుగు మందని అమ్ముతారు గానీ, అది పట్టుపురుగు పేగులో దొరికిన సెర్రాషియా అనే బ్యాక్టీరియా నుంచి వచ్చింది. 'సహజ ఎంజైము' అన్న మాట వెనుక పండూ ఉంటుంది, పందీ ఉంటుంది, సూక్ష్మజీవీ ఉంటుంది. ఏది ఏదో తెలుసుకునే హక్కు రోగికి ఉంది. చివరికి బ్రొమెలైన్ ఒక్కటే ఇవ్వాలని ఇద్దరం అనుకున్నాం. అలాగైతే అనాసపండే తింటే పోదా అని ఆయన భార్య అడిగారు. మందుగా అమ్మే బ్రొమెలైన్‌ను ఎక్కువగా పండు నుంచి కాక కాండం నుంచి తీస్తారు. డబ్బాలో నిల్వ చేసిన అనాసలో వేడికి అది నశిస్తుంది. పైగా షుగరున్న మనిషికి రోజూ పండు గిన్నెడు పెట్టి వైద్యం చేయలేము.

చుక్కలు పూర్తిగా ఆపించాను. రోజుకు రెండు పూటలా ఉప్పునీటితో ముక్కు కడుక్కోమన్నాను: మరగబెట్టి చల్లార్చిన 240 మిల్లీలీటర్ల నీటిలో అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా. ఫ్లోరైడు నీళ్లు ముక్కుకు మంచివి కావేమోనని ఆయనకు అనుమానం. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, కానీ ఈ నీళ్లు తాగేవి కావు, ముక్కు విషయంలో నా భయమంతా మరగని నీళ్లలో ఉండే సూక్ష్మజీవుల గురించే. మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే రోజుకు ఒకసారి, రెండు ముక్కుల్లో రెండేసి పీల్పులు. బ్రొమెలైన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, భోజనానికి గంట ముందు ఖాళీ కడుపుతో. భోజనంతో పాటు వేసుకుంటే అది ఆ అన్నంలోని పప్పునే అరిగించి ఊరుకుంటుంది.

ఇక్కడే నా మొదటి తప్పు జరిగింది. ఈ నాలుగు పనులూ ఒకే రోజు మొదలుపెట్టించాను. మేలు జరిగితే ఏది చేసిందో చెప్పే వీలు నాకు నేనే లేకుండా చేసుకున్నాను.

రెండు మేళ్లు

నాలుగు వారాల తర్వాత, డిసెంబరు నడుమ, స్నాట్-22 మార్కులు 54 నుంచి 30కి దిగాయి. ఈ ప్రశ్నావళిలో 9 మార్కుల తేడా ఉంటేనే రోగికి నిజంగా తేడా తెలుస్తుందని లెక్క. ఇక్కడ 24 తగ్గాయి. ముక్కు దిబ్బడ చాలావరకు పోయింది, చెంప బరువు సగమైంది. చుక్కలు ఆపడమే ఇందులో పెద్ద పాత్ర వహించి ఉంటుందని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. అందుకే బ్రొమెలైన్ మాత్రం ఆపించి, కడగడం, స్ప్రే కొనసాగించమన్నాను. ఒక్కదాన్ని తీసేసి చూస్తే దాని విలువ తెలుస్తుందన్నది నా ఆలోచన.

తెలిసింది. జనవరి మొదట్లో, అంటే ఆపిన మూడు వారాలకు, చెంప బరువు మళ్లీ వచ్చింది. ఆయన నాకు ఫోన్ చేయకుండా ఇంట్లో మిగిలిన గుళికలు తనంతట తానే మొదలుపెట్టారు. ఐదారు రోజుల్లో మళ్లీ తేలికైంది. మొదటిసారి నాలుగు పనుల మధ్య కలిసిపోయిన ప్రభావం ఈసారి కడగడం, స్ప్రే యథాతథంగా సాగుతుండగా ఒంటరిగా కనిపించింది కాబట్టి, బ్రొమెలైన్ ఈ రోగిలో ఏదో చేసిందనే నమ్ముతున్నాను. ఒక్క మనిషిలో ఒక్కసారి జరిగింది రుజువు కాదు. ఇలాంటి జబ్బు దానంతటదే కూడా హెచ్చుతగ్గులవుతుంది. అయినా ఆ ఏదో ఏమిటో ఊహించవచ్చు. ఎడమ చెంప ఎముకలోని సైనస్ అనే గాలి గది నుంచి ముక్కులోకి తెరుచుకునే దారి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. వాపు కాస్త తగ్గినా ఆ దారి తెరుచుకుని లోపల నిలిచిన చీము కారుతుంది, బరువు దిగుతుంది. చీము ఎందుకు తయారవుతోందన్న ప్రశ్నను ఎంజైము ముట్టుకోదు. మేలు కనపడిన కొద్దీ నేనూ ఆ ప్రశ్న వేయడం మానేశాను.

సకినం

సంక్రాంతి పోయిన నాలుగైదు రోజులకు ఆయన తనంతట తానే వచ్చారు. ముక్కు గురించి కాదు. "పండుగకు సకినాలు కొరికితే ఎడమ దవడల పానం పోయినట్టయింది సారూ" అన్నారు. ఆ మాట వినగానే ఏప్రిల్ నుంచి జరిగిందని ఆయన చెప్పిన కథంతా నాకు మరో వరుసలో కనిపించింది.

మళ్లీ నోరు తెరిపించాను. ఈసారి చిన్న అద్దం పిడితో పై పళ్లను ఒక్కొక్కటిగా తట్టుకుంటూ పోయాను. కుడి పక్క ఏమీ లేదు. ఎడమ పక్క ఆరో పన్ను, అంటే మొదటి పెద్ద నమిలే పన్ను, మీద తట్టగానే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. రెండేళ్ల కింద దానికి రూట్ కెనాల్ చేయించుకున్నానని, ఆ తర్వాత తొడుగు వేయించుకోవాల్సి ఉండగా డబ్బుల్లేక ఊరుకున్నానని అప్పుడు చెప్పారు. దాని రంగు పక్క పళ్ల ఫ్లోరైడు మచ్చల్లో ఎంతగా కలిసిపోయిందంటే, దగ్గరగా లైటు పెట్టి చూస్తే తప్ప దాని నడినెత్తిన ఉన్న సన్నని గీత కనపడలేదు. చుక్కలు ఆపి రెండు నెలలు కావడంతో ముక్కు లోపలి వాపు దిగి, ఎండోస్కోపు ఎడమ మధ్య మార్గంలోకి సాఫీగా పోయింది. అక్కడ పసుపు పచ్చటి చీము ఒక దారంలా కిందికి జారుతూ ఉంది, కుడి వైపు మాత్రం శుభ్రంగా ఉంది. ఆ రోజు స్నాట్-22 మార్కులు 33.

ఆ వారమే సీటీ స్కాన్ తీయించాను. ఎడమ చెంప సైనస్ పూర్తిగా నిండిపోయింది, దాని దారి మూసుకుంది, ముక్కుకూ కంటికీ నడుమ ఉండే ముందరి ఎత్మాయిడ్ అనే చిన్న సైనస్ గదుల్లో కొంత మందం ఉంది. సైనస్‌లు ఎంత నిండాయో చెప్పే లండ్-మెకే కొలతలో 24కు 5, ఆ ఐదూ ఎడమ పక్కవే. సైనస్ నేల తప్ప మిగతా గోడల ఎముక తినుకుపోలేదు. ఆరో పంటి వేరు కొస చుట్టూ చిన్న నల్లని ఖాళీ, ఆ ఖాళీకీ సైనస్ నేలకూ మధ్య ఎముక దాదాపు లేదు. పై దవడ నమిలే పళ్ల వేర్లు చెంప సైనస్ నేలను ఆనుకుని, కొందరిలో దానిలోకి పొడుచుకుని ఉంటాయి. ఆ వేరు కుళ్లితే ఆ కుళ్లు పైకే పోతుంది. ఒక పక్కే రావడం, భరించలేని దుర్వాసన, యాంటీబయాటిక్ వాడినన్ని రోజులే తగ్గడం దాని గుర్తులు. నా దగ్గరికి రాకముందు ఆయన ఊళ్లో నాలుగు విడతలు యాంటీబయాటిక్ వాడి ఉన్నారు, ప్రతి విడతలోనూ తగ్గి మళ్లీ వచ్చింది. అదీ షీటులో నా చేతిరాతతోనే ఉంది.

పన్ను, తర్వాత

పట్టణంలోనే ఉన్న దంతవైద్యురాలు చూసి, పన్ను నిలువునా చిట్లింది కాబట్టి మళ్లీ రూట్ కెనాల్ చేసి లాభం లేదని, తీసేయాలని అన్నారు. బ్రొమెలైన్ రక్తం గడ్డకట్టడాన్ని కొంత నెమ్మదింపజేయగలదు కనుక రెండు వారాల ముందే ఆపించాను. షుగరు కాస్త అదుపులోకి వచ్చాక ఫిబ్రవరి రెండో వారంలో పన్ను తీశారు. వేరు కొసన చీము తిత్తి ఉంది, తీయగానే సైనస్‌లోకి చిన్న రంధ్రం కనపడింది. చిగురును లాగి దాని మీద కప్పి కుట్టు వేశారు. అమోక్సిసిలిన్, క్లావులనేట్ పది రోజులు. రెండు వారాలు ముక్కు చీదవద్దని, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మమని, ముక్కు కడగడం కూడా అంతవరకు ఆపమని చెప్పాం. ఆ కొత్త కుట్టు మీద గాలి ఒత్తిడి పడితే ఊడిపోతుంది.

మూడో రోజు నుంచి ఏడు రోజులు బ్రొమెలైన్ మళ్లీ ఇచ్చాను. చెంప వాపు ఆరో రోజుకు దిగింది. పన్ను తీసిన తర్వాత వాపు ఎలాగూ వారంలో దిగుతుంది కాబట్టి ఈ మేలును ఎంజైము ఖాతాలో వేయడం లేదు. కానీ ఎంజైముకు ఏదైనా సరైన చోటు ఉంటే అది ఇలాంటిదే: కారణాన్ని తీసేసిన తర్వాత మిగిలిన వాపు. జర్మనీ ప్రభుత్వ మూలికా మందుల సంఘం, కమిషన్-ఇ, 1993లో బ్రొమెలైన్‌కు ఇచ్చిన అనుమతి కూడా శస్త్రచికిత్స తర్వాత, దెబ్బల తర్వాత వచ్చే వాపుకే, ముఖ్యంగా ముక్కు, సైనస్‌ల వాపుకే.

దీర్ఘకాలిక సైనస్‌కు దాని పనితనం గురించి ఉన్న ఆధారాలు పలచన. 2013లో వెలువడిన ఒక జర్మన్ అధ్యయనంలో 12 మంది దీర్ఘకాలిక రోగులకు మూడు నెలలు ఇచ్చి లక్షణాలు తగ్గాయని చూపారు, కానీ పోల్చడానికి మందు లేని ఉత్త మాత్ర తీసుకున్న మరో గుంపు అందులో లేదు. 2005లో 116 మంది పిల్లల్లో చేసిన అధ్యయనం అప్పుడే వచ్చిన సైనస్‌కు సంబంధించింది, దీర్ఘకాలికానిది కాదు. సెర్రాషియోపెప్టిడేజ్ విషయానికొస్తే, 1988లో జపాన్ వైద్యులు దీర్ఘకాలిక సైనస్ రోగులకు నాలుగు వారాలిచ్చి చీమిడి చిక్కదనం తగ్గిందని కొలిచి చూపారు. అదే దేశంలో 2011లో, ఉత్త మాత్రకంటే మెరుగని చూపలేకపోవడంతో, దాన్ని తయారుచేసే సంస్థే స్వయంగా మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. మన మందుల షాపుల్లో మాత్రం నేటికీ అది నొప్పి గోలీలతో కలిసి రోజూ అమ్ముడవుతోంది. ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే మాత్రం ఏ మార్గదర్శకం తీసినా మొదటి వరుసలోనే ఉంటాయి, వాటికి ఖర్చూ తక్కువే.

వార్‌ఫరిన్, క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటి రక్తం పలచబడే మందులు వాడేవారికి నేను ఎంజైములు రాయను. స్టెంట్ వేయించుకున్న ఒకాయన సైనస్‌కని సొంతంగా బ్రొమెలైన్ మొదలుపెట్టి, రెండో వారంలో ముక్కునుంచి రక్తం ఆగక రాత్రి పదకొండుకు నా తలుపు తట్టిన రోజు నాకింకా గుర్తుంది. ఆ రక్తానికి కారణం ఎంజైమా, క్లోపిడోగ్రెలా, రెండూనా అన్నది తేల్చలేం గానీ, గుళికలు ఆపించాను. అనాస గానీ, బొప్పాయి గానీ, రబ్బరు చేతితొడుగులు గానీ పడనివారికి కూడా ఇవ్వను. ఒక పక్కే చీము కారుతున్న రోగికైతే ఇప్పుడు సీటీ, పళ్ల పరీక్ష అయ్యేదాకా ఏ ఎంజైమూ ఇవ్వడం లేదు, షాపులో కొనుక్కున్నది ఉంటే ఆపిస్తున్నాను.

మార్చి చివర ఎండోస్కోపులో ఎడమ మధ్య మార్గం శుభ్రంగా ఉంది, స్నాట్-22 మార్కులు 16. పన్ను తీసినా సైనస్ తేరుకోక ఎండోస్కోపు శస్త్రచికిత్స దాకా వెళ్లేవారు తక్కువేమీ కాదు. ఈయనకు ఆ అవసరం రాలేదు. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు మళ్లీ యార్డుకు వచ్చాయి. ఈసారి ఆయన ముక్కుకు మాస్కు కట్టుకుని, సాయంత్రం ఇంటికి రాగానే ముక్కు కడుక్కున్నారు, స్ప్రే ఆపలేదు. మే చివర మార్కులు 11. సాకరిన్ తీపి 18 నిమిషాలకు తెలిసింది. సీసాలో 19 గుళికలు మిగిలాయని, పారేయాలా ఉంచుకోవాలా అని అడిగారు. ఇక వాడనవసరం లేదని చెప్పి, కుడి పక్క ఆరో పంటిలో మొదలవుతున్న చిన్న పిప్పిని నింపించుకోవడానికి దంతవైద్యురాలికి చీటీ రాసిచ్చాను.